ఓడకు ఉన్న షరతు, లారీకి లేని షరతు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వారు నన్ను "నువ్వు ఇంజనీరువి గదా, ఏదన్నా విజ్ఞానదాయకంగా పదిహేను నిమిషాలు మాట్లాడు" అన్నారు. విజ్ఞానదాయకం అన్నప్పుడల్లా మన బళ్లో ఏం జరిగేదో నాకు గుర్తుంది. సగం మంది నిద్రపోయేవాళ్లు, మిగతా సగం మంది కిటికీలోంచి కర్నూలు రోడ్డు మీద పోయే లారీలు లెక్కపెట్టేవాళ్లు. నేను రెండో జట్టు. అందుకని ఈ రోజు ఆ లారీల గురించే మాట్లాడతాను. కానీ మొదలుపెట్టేది ఓడ దగ్గర.

ఓడ ఎందుకంటే, ఆర్నెల్ల కిందట మా 1985 బ్యాచి వాట్సాప్ గ్రూపులో ఒక ఆలోచన పుట్టింది. అందరికీ యాభై దాటాయి, పిల్లలు స్థిరపడ్డారు, ఒకసారి భార్యాభర్తలం అందరం కలిసి ఓడెక్కుదాం అని. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి చెన్నైకి విహారనౌక నడిచినప్పటి నుంచీ మనవాళ్లకు ఈ కోరిక ఉంది. 2023లో అక్కడ క్రూజ్ టెర్మినల్ కూడా కట్టారు. ఒకరు విశాఖ అన్నారు, అమెరికాలో ఉన్నవాళ్లు మయామి రమ్మన్నారు, ఒకరు సింగపూర్ అన్నారు. చివరకు ఏదో ఒక కంపెనీ టికెట్టు షరతులు గ్రూపులో పెట్టారు. అందులో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. ఇంధనం ధర పెరిగితే, డబ్బు కట్టేసిన తరవాత అయినా సరే, మనిషికి రోజుకు ఇంతని అదనపు చార్జీ వేసే హక్కు కంపెనీకి ఉంటుంది అని.

ఇక చూడండి గ్రూపులో గోల. "ఇదెక్కడి అన్యాయం, బేరం కుదిరాక మళ్లీ అడగడమేంటి" అని ఒకరు. "దోపిడీ" అని ఒకరు. మన బ్యాచిలో క్వారీలున్నవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లే అందరికంటే గట్టిగా అన్నారు. అప్పుడు మా క్లాసుమేటు ఒకడు, గ్రూపులో ఎప్పుడూ మాట్లాడనివాడు, ఒకే ఒక్క ముక్క రాశాడు. "ఓడకైతే ఆ షరతు ఉందిరా. మా లారీకి ఎవరు రాశారు?"

గ్రూపు నిశ్శబ్దమైపోయింది. నేనూ నోరు మూసుకున్నాను. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు ఓడ సంగతి. ఓడలో వేసే ఇంధనాన్ని బంకరు అంటారు. ఆవిరి ఓడల కాలంలో బొగ్గు పోసుకునే గదిని బంకరు అనేవారు, బొగ్గు పోయినా పేరు మిగిలింది. మన పెట్రోలు బంకు కూడా ఆ ఇంటి పిల్లే అయ్యుంటుందని నా అనుమానం, తెలుగు మాస్టారు ఒప్పుకుంటే. సరుకు ఓడల కంపెనీలు 1970ల చమురు సంక్షోభం తరవాత నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాయి. 1973 చివర్లో మూడు డాలర్లున్న బ్యారెల్ ముడిచమురు కొద్ది నెలల్లో పన్నెండు డాలర్ల దాకా పోయింది. ఆ దెబ్బతో వాళ్లు కిరాయిని రెండు ముక్కలు చేశారు. ఒకటి ఓడ కిరాయి, రెండోది బంకరు సర్దుబాటు. ఓడ కిరాయి బేరం ఆడుకోవచ్చు. బంకరు సర్దుబాటు మాత్రం చమురు ధరను బట్టి మారుతూ ఉంటుంది, దాని మీద చిన్న వ్యాపారి బేరం చెల్లదు. 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం మూడున్నర శాతం నుంచి అర శాతానికి తగ్గాలని అంతర్జాతీయ సముద్ర సంస్థ నియమం పెట్టింది. ఆ శుభ్రమైన ఇంధనం ఖరీదెక్కువ. దానికి ఇంకో సర్‌చార్జీ వచ్చి పడింది. మన చీమకుర్తి రాయి ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్ల ఇన్వాయిసులు చూడండి, ఈ వరసలన్నీ కనిపిస్తాయి.

విహారనౌకలు ఈ పని చాలాకాలం చేయలేదు. సరుకుకు నోరు లేదు, ప్రయాణికుడికి ఉంది గదా. 2007 చివర్లో చమురు వంద డాలర్ల వైపు పరిగెడుతుంటే కార్నివాల్ కంపెనీ మనిషికి రోజుకు 5 డాలర్లు ఇంధన చార్జీ ప్రకటించింది. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. అయితే ముందే డబ్బు కట్టేసి టికెట్టు చేతిలో పెట్టుకున్నవాళ్ల మీద కూడా వేశారు. ఫ్లోరిడా రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు పట్టుకుంది. బేరం ముగిశాక వేసింది తిరిగివ్వమంది. 2008లో కార్నివాల్ సుమారు 4 కోట్ల డాలర్లు, రాయల్ కరీబియన్ 2 కోట్ల 10 లక్షల డాలర్లు ప్రయాణికులకు వెనక్కిచ్చేందుకు ఒప్పుకున్నాయి. ఆ ఏడాది జులైలో చమురు 147 డాలర్లకు చేరింది, డిసెంబరుకల్లా నలభై కిందకు పడిపోయింది. తరవాత ఆ చార్జీలను ఒక్కొక్కరుగా తీసేశారు. కానీ షరతును మాత్రం టికెట్టులోంచి తీసేయలేదు. అదే మావాళ్లు చూసిన చిన్న అక్షరం. ఈసారి ముందే రాసిపెట్టుకున్నారు గనక ఎవరూ అడగలేరు.

నేను కంపెనీల తరఫున మాట్లాడటం లేదు, కానీ ఓడ ఎంత తాగుతుందో ఒక మాట చెప్పాలి. పెద్ద విహారనౌక రోజుకు వంద టన్నులకు పైగా ఇంధనం తాగగలదు. రేవులో కట్టేసి ఉన్నా తాగుతూనే ఉంటుంది. వేలమందికి ఏసీ, వంటలు, లిఫ్టులు, ఈత కొలనులు, అదొక తేలే ఊరు. మన ఊరికి కరెంటు పోతే జనరేటరు వేసినట్టు, దానికి ఎప్పుడూ జనరేటరే.

ఇక్కడ సైన్సు మాస్టారి కోసం ఒక లెక్క. ఓడ వేగానికీ దానికి కావలసిన శక్తికీ మధ్య సంబంధం సుమారుగా ఘనం. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. వేగాన్ని పది శాతం తగ్గిస్తే, 0.9ని మూడుసార్లు గుణించండి, 0.73 వస్తుంది. గంటకు 27 శాతం తక్కువ ఇంధనం. ప్రయాణం కాస్త ఎక్కువసేపు పడుతుంది కాబట్టి మొత్తం మీద పందొమ్మిది శాతం ఆదా. 2008 తరవాత సరుకు ఓడలన్నీ నెమ్మదిగా నడవడం మొదలుపెట్టింది ఇందుకే. అంటే ఓడ యజమానికి చమురు పెరిగినప్పుడు మూడు దారులున్నాయి. మెల్లగా నడపడం ఒకటి, సర్‌చార్జీ వేయడం ఒకటి. మూడోది ముందే ధర కట్టేసుకోవడం, అంటే హెడ్జింగ్. మనవాళ్లు పొగాకు బేళ్లు కాకముందే, మిరపకాయ కల్లంలో ఎండకముందే బేరం కుదుర్చుకున్నట్టు, కొన్ని ఓడల కంపెనీలు వచ్చే ఏడాది చమురుకు ఈ ఏడాదే ధర కట్టేసుకుంటాయి. రాయల్ కరీబియన్ అలా చేస్తుంది, కార్నివాల్ చేయదు.

లారీ యజమానికి ఎన్ని దారులున్నాయి? మెల్లగా నడపమంటారా, ముప్ఫై టన్నుల దిమ్మ ఎక్కాక ట్రైలరు పరిగెత్తేదెప్పుడు?

ఇప్పుడు చీమకుర్తికి వద్దాం.

మన రాయిని ప్రపంచమంతా గెలాక్సీ గ్రానైట్ అంటుంది. నల్లటి ఆకాశంలో బంగారు చుక్కలు. శాస్త్రం ప్రకారం అది గ్రానైట్ కానే కాదు, గాబ్రో జాతి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. నేను ఇంజనీరింగు కాలేజీకి వెళ్లేదాకా ఈ సంగతి నాకూ తెలియదు. రామతీర్థం, బూదవాడ వైపు మేం పశువుల వెంట తిరిగిన రోజుల్లో ఆ రాయి మీద కూర్చుని రేక్కాయలు తిన్నాం, అంతే. 1980ల్లో క్వారీలు ఊపందుకున్నాయి. మేం పదో తరగతి చదువుతుండగా మొదటి మొదటి దిమ్మలు రోడ్డు మీదకు వచ్చేవి. లెక్కల మాస్టారు ఒకరోజు బోర్డు వదిలేసి మమ్మల్ని రోడ్డు దాకా తీసుకెళ్లి ఆగి ఉన్న లారీ మీద దిమ్మను చూపించి, మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు, మీటరున్నర మందం, ఘనపరిమాణమెంత, ఘనపు మీటరుకు మూడు టన్నులైతే బరువెంత అని అడిగారు. తొమ్మిది ఘనపు మీటర్లు, ఇరవై ఏడు టన్నులు. ముందుగా చెప్పింది నేను కాదు. ఆ వాట్సాప్‌లో ఒక్క ముక్క రాసినవాడు.

ఆ దిమ్మను నేను డీజిలు దిమ్మ అంటాను. చూడండి, పైనున్న మట్టి, పనికిరాని రాయి తీయడానికి పొక్లెయిన్లు, టిప్పర్లు. డ్రిల్లుకు గాలి కొట్టే కంప్రెసర్. వాన పడితే గుంటలోంచి నీళ్లు తోడే పంపులు. కరెంటు పోతే జనరేటరు. వంద మీటర్ల లోతు క్వారీలోంచి టిప్పరు పైకెక్కి రావడమంటే ఎంత తాగుతుందో డ్రైవర్లనడగండి. తీసిన రాయిలో ఎగుమతికి పనికొచ్చే దిమ్మ కొంతే, మిగతాదంతా కుప్ప. ఆ కుప్ప మోసిన డీజిలు కూడా ఈ మంచి దిమ్మ ఖాతాలోదే. తరవాత ట్రైలరు. చీమకుర్తి నుంచి ఒంగోలు, అక్కణ్ణుంచి జాతీయ రహదారి పట్టుకుని నెల్లూరు, సూళ్లూరుపేట, తడ, చెన్నై రేవు. మూడు వందల కిలోమీటర్ల పైమాట. కృష్ణపట్నం 2008లో తెరిచాక దాదాపు సగం దూరంలోనే రేవు దొరికింది గానీ, ఓడ ఎక్కడికొస్తే లారీ అక్కడికి పోవాలి. ఆ తరవాత ఓడ, చైనాకో ఇటలీకో. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక ఐరోపా ఓడలు సూయజ్ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. పది రోజులకు పైగా అదనం. దానికీ ఒక సర్‌చార్జీ వేశారు. చీమకుర్తి క్వారీ యజమాని గొణుక్కుంటూ కట్టాడు. కట్టక ఏం చేస్తాడు.

ఇక నేను ఎందుకు నోరు మూసుకున్నానో చెబుతాను.

నేను ఉద్యోగం చేసిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. రాయి కొని, కోసి, పంపే కంపెనీ. ప్లాంటు ఇంజనీరుగా చేరినవాణ్ణి చివరి పదేళ్లు రవాణా, కొనుగోళ్లు కూడా చూశాను. 2021 జనవరిలో ట్రైలర్లతో ఏడాది ఒప్పందాలు రాయించింది నేనే. ట్రిప్పుకు ముప్ఫై వేలు, ఏడాది పొడుగునా మారదు. పైవాళ్లు మెచ్చుకున్నారు, ఖర్చు కట్టడి చేశానని. ఆ ట్రైలరు యజమానుల్లో మా వాడు ఒకడు. నా బెంచీవాడు. సొంతంగా ఒక్కటే బండి, సెకండ్ హ్యాండుది, నెల కంతు నలభై రెండు వేలు. ఎక్కువసార్లు తనే నడిపేవాడు.

సంతకం పెట్టేటప్పుడు వాడు అడిగాడు. "డీజిలు పెరిగితే ఎట్టరా?" నేను అన్నమాట నాకు బాగా గుర్తుంది. "పెరిగితే చూద్దాంలే, కరోనా వచ్చి ప్రపంచమే ఆగిపోయింది, ఎక్కడ పెరుగుద్ది?" ఇంజనీరును, చదువుకున్నవాణ్ణి, ఆ మాట అనేశాను. ఆ రోజు మన బంకులో లీటరు ఎనభై రెండు చిల్లర. అక్టోబరు చివరికి నూట ఆరు దాటింది.

వాడి దగ్గర ఒక నోటుబుక్కుంది. ప్రతి ట్రిప్పుకూ ఎన్ని లీటర్లు పోశాడో, ఎన్ని కిలోమీటర్లు తిరిగాడో రాసుకుంటాడు. లెక్కల మాస్టారి శిష్యుడు గదా. పోనూ లోడుతో లీటరుకు మూడు కూడా రావు. రానూ ఖాళీతో నాలుగు పైన. మొత్తం ట్రిప్పుకు సగటున 185 లీటర్లు. లీటరు మీద 24 రూపాయలు పెరిగితే ట్రిప్పుకు 4,440. నెలకు ఎనిమిది ట్రిప్పులు, 35,520. ఇంచుమించు బండి కంతు మొత్తం డీజిల్లోకి పోయింది. ఆగస్టు నుంచి కంతులు తప్పాడు. నా దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి ఆఫీసుకు, రెండోసారి ఇంటికి. నేను ఒప్పందం కాగితం చూపించాను. అదే నెలలో అదే టేబుల్ మీద ఓడ కంపెనీ పంపిన బంకరు సర్దుబాటు బిల్లు ఉంది. దాని మీద నేనే సంతకం పెట్టి డబ్బు పంపాను, ఒక్క ప్రశ్న అడగకుండా. రెండు కాగితాలూ ఒకే టేబుల్ మీద ఉన్నాయండి. నాకు ఆ రోజు తోచలేదు.

నవంబరులో కేంద్రం డీజిలు మీద సుంకం పది రూపాయలు తగ్గించింది. అప్పటికి ఫైనాన్సు వాళ్లు బండి తీసుకెళ్లిపోయారు.

మనం అందరం ధరలు పెరిగాయనే అంటాం గానీ తగ్గినప్పుడు ఏమవుతుందో ఎవరూ చూడరు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు వాయిదా ధర సున్నా కిందకు పోయింది, చరిత్రలో మొదటిసారి. కొనుక్కుంటే ఎదురు డబ్బిస్తామన్నంత పని. మన బంకులో ధర తగ్గిందా? మే మొదటి వారంలో కేంద్రం డీజిలు మీద సుంకం లీటరుకు 13 రూపాయలు పెంచింది. పడిన మేరకు సర్కారు తీసుకుంది. రాష్ట్రానిది ఇంకో తీరు. మన వ్యాట్ డీజిలు మీద 22.25 శాతం, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. శాతం గనక చమురు పెరిగితే పన్నూ దానంతటదే పెరుగుతుంది. తమిళనాడులో తక్కువ కాబట్టి మన చెన్నై బళ్లు తడ దాటేదాకా ట్యాంకు నింపవు. ఇవన్నీ ఏ పార్టీనీ అనడానికి చెప్పడం లేదు, వేదిక మీద అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. 2014 అక్టోబరులో డీజిలు ధరను ప్రభుత్వం వదిలేశాక, 2017 జూన్ 16 నుంచి రోజూ ఉదయం ఆరింటికి ధర మారే పద్ధతి వచ్చాక, ఏడాది పొడుగునా మారని కిరాయి రాయడం అనేదే తప్పు లెక్క. బంకు ధర రోజూ మారే వీలున్నప్పుడు లారీ ధర రాయిలాగా ఎట్లా ఉంటుంది? నేను రాసింది అదే.

అందరూ ఒకేలా చేయరు. 2023 అక్టోబరులో విమాన ఇంధనం పెరిగిందని ఇండిగో వాళ్లు దూరాన్ని బట్టి 300 నుంచి 1000 రూపాయల దాకా ఇంధన చార్జీ వేశారు. తగ్గాక 2024 జనవరి 4న తీసేశారు. వేసిందీ చెప్పారు, తీసిందీ చెప్పారు. టికెట్టు మొత్తం ధర తగ్గిందా అంటే అది వేరే చర్చ. మన ఆర్టీసీ సంగతి ఇంకా ఆలోచించదగింది. 2022 మార్చిలో టోకున కొనేవాళ్లకు డీజిలు ఒక్కసారిగా లీటరుకు పాతిక రూపాయలు పెరిగింది. డిపోలో సొంత బంకులున్న ఆర్టీసీ బస్సులు పోయి మామూలు బంకుల్లో వరసలో నిలబడ్డాయి. ఏప్రిల్‌లో డీజిలు సెస్సు వేశారు, పల్లెవెలుగుకు రెండు రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌కు ఐదు, సూపర్ లగ్జరీకి పది. జులైలో దూరాన్ని బట్టి మళ్లీ పెంచారు గానీ పల్లెవెలుగులో మొదటి ముప్ఫై కిలోమీటర్లకు వేయలేదు. చీమకుర్తి నుంచి ఒంగోలు వెళ్లి చదువుకునే పిల్లలు ఆ ముప్ఫై లోపలే. ఎవరో ఒక ఆఫీసరు ఎక్కడో కూర్చుని ఈ గీత గీశాడు, వాడు మంచివాడు. సర్‌చార్జీ వేయడం ఒక పని, ఎవరి మీద పడకూడదో ఆలోచించడం ఇంకో పని.

నేను ఆ ఉద్యోగం మానేసి మూడేళ్లు దాటింది. మానేసింది ఇందుకే అని గొప్పగా చెప్పుకోను, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. కానీ మానేశాక నేనూ వాడూ కూర్చుని ఆ నోటుబుక్కు ముందేసుకున్నాం. వాడు ఇప్పుడు వేరేవాళ్ల ట్రైలరు నడుపుతున్నాడు, యాభై ఐదేళ్ల వయసులో. మొదటి రెండు మూడు ఆదివారాలు వాడు సరిగ్గా మాట్లాడలేదు. తరవాత లెక్క మొదలయ్యేసరికి తగాదా మొదలైంది. తగాదా మొదలయ్యాక నాకు ధైర్యం వచ్చింది.

నేను ముందు ఏం రాశానంటే, డీజిలు ఎంత శాతం పెరిగితే కిరాయి అంత శాతం పెరగాలి అని. వాడు నవ్వాడు. "నీకు ఇంజనీరు పట్టా ఎవరిచ్చార్రా" అన్నాడు. ఎనభై రెండు మీద ఇరవై నాలుగంటే 29 శాతం. ముప్ఫై వేల మీద 29 శాతం వేస్తే 8,700. వాడికి నిజంగా పెరిగిన ఖర్చు 4,440. మిగతాది క్వారీవాడి దగ్గర కాజేసినట్టే గదా. తగ్గేటప్పుడు అదే శాతం లారీవాణ్ణి ముంచుద్ది. కిరాయిలో డీజిలు సగమే. టైరు, డ్రైవరు, టోలు, కంతు, ఇవి డీజిలుతో పాటు లేవవు, పడవు. కాబట్టి షరతు శాతంలో రాయకూడదు, లీటర్లలో రాయాలి. చెన్నై ట్రిప్పుకు 185 లీటర్లు. లీటరుకు రూపాయి పెరిగితే కిరాయి 185 పెరుగుతుంది. రూపాయి తగ్గితే 185 తగ్గుతుంది. అంతే. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, ఆరో తరగతి పిల్లవాడు వేస్తాడు.

మిగతావన్నీ చిన్న చిన్న సంగతులు, కానీ తగాదాలన్నీ అక్కడే వస్తాయి. ఏ బంకు ధర? ఒంగోల్లో ఒక ప్రభుత్వ రంగ కంపెనీ బంకు, ఒప్పందంలోనే పేరు రాసుకోవాలి. ఏ రోజు ధర? నెలలో 1వ తేదీ, 16వ తేదీ ఉదయం ధర, ఆ పక్షమంతా అదే. రెండు రూపాయల లోపు తేడా వస్తే ఎవరూ ఎవర్నీ అడగరు. "మీరు తమిళనాడులో పోసుకుంటారుగా, ఒంగోలు ధర ఎందుకు" అని ఒక క్వారీ మేనేజరు అడిగాడు. మంచి ప్రశ్నే. మనం కట్టేది ధరకు కాదు, మార్పుకు. చమురు పెరిగితే రెండుచోట్లా దాదాపు ఒకేలా పెరుగుతుంది. అయితే ఏదో ఒక రాష్ట్రం పన్ను మారిస్తే ఈ లెక్క కాస్త తప్పుతుంది, అప్పుడు మళ్లీ కూర్చుని రాసుకోవాలి. కిందకు తగ్గే షరతుకు లారీవాళ్లే ముందు ఒప్పుకోలేదండి. "పెరిగితే ఇవ్వండి, తగ్గితే మాకుంచండి" అన్నారు. అది ఓడలవాళ్లు నేర్పిన బుద్ధే. నేను ఒప్పుకోలేదు, మా వాడు కూడా ఒప్పుకోలేదు.

క్వారీల మిత్రులు మొహం ముడుచుకుంటున్నారు, నాకు కనిపిస్తూనే ఉంది. మీ మాటా నిజమే. చైనా కొనుగోలుదారుడు డీజిలు పెరిగిందని మీకు డాలరు ఎక్కువివ్వడు. పైన ఓడ, కింద లారీ, మధ్యలో మీరు. మార్కెట్టు పడిపోయిన సంవత్సరాల్లో పలకలు యార్డులో పేరుకుపోయి ఎన్ని కటింగ్ ప్లాంట్లు మూతపడ్డాయో నాకు తెలుసు. ఈ షరతు మీ మీద భారమే. నేను చెప్పేదల్లా, ముప్ఫై టన్నుల దిమ్మ ఖరీదులో 4,440 రూపాయలు ఎంత, ఒక్క బండి ఉన్నవాడి నెల కంతులో అది ఎంత అని. తట్టుకోగలిగినవాడి మీద పడితే అది ఖర్చు, తట్టుకోలేనివాడి మీద పడితే బండి పోతుంది. మిరపకాయ రైతుకు అయితే ఈ మాట కూడా చెప్పలేను. గుంటూరు యార్డుకు టిక్కీ కిరాయి పెరిగితే రైతు ఎవరి మీద సర్‌చార్జీ వేస్తాడు? వాడి పైన అందరూ ఉన్నారు, కింద భూమి ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉందని నటించను.

పోయిన దసరా నుంచి మన బ్యాచివాళ్లవే రెండు క్వారీలు ఈ కాగితం మీద సంతకాలు పెట్టి నడుపుతున్నాయి. ఇప్పటిదాకా ధర పెద్దగా కదల్లేదు గనక ఎవరికీ నష్టం రాలేదు, లాభమూ రాలేదు. అసలు పరీక్ష ధర కదిలినప్పుడు. గల్ఫులో ఏదన్నా గొడవ మొదలైతే నెల తిరక్కుండా కదులుతుంది, 2022 మార్చి 22 నుంచి పదహారు రోజుల్లో లీటరుకు పది రూపాయలు ఎట్లా పెరిగిందో మీరు చూశారు. అప్పుడు సంతకం పెట్టినవాళ్లు మాట మీద ఉంటారో లేదో మళ్లీ సమావేశంలో చెబుతాను.

ఓడ ప్రయాణం సంగతి అడుగుతారేమో, మేం ఇంకా టికెట్లు తీయలేదు. ఆ చిన్న అక్షరాల మీద ఇప్పుడెవరికీ కోపం లేదు. గరిష్ఠంగా ఎంత వేస్తారో రాసి ఉంటే చాలు, ఆ మేరకు పక్కన పెట్టుకుందాం అనుకున్నాం. మా వాడు మాత్రం ఓడ వద్దంటున్నాడు, వాడికి నీళ్లంటే భయం.

వాణ్ణి వేదిక మీదకు రమ్మన్నాను. రానన్నాడు. "నువ్వు చెప్పు, లెక్క తప్పితే కిందనుంచి అరుస్తా" అన్నాడు. ఇంతవరకు అరవలేదు కాబట్టి 185 సరిపోయిందనుకుంటున్నాను. ఒప్పందం నమూనా రెండు పేజీలు, తెలుగులోనే ఉంది, పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర కాపీలు పెట్టాం. భోజనాలయ్యాక మేమిద్దరం పాత పదో తరగతి గదిలో, కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంటాం. లారీ ఉన్నవాళ్లు, క్వారీ ఉన్నవాళ్లు రండి. కృష్ణపట్నం ట్రిప్పుకు ఎన్ని లీటర్లో ఇంకా తేలలేదు, మీ నోటుబుక్కులుంటే తీసుకురండి.